ఇసుక మీద ఊరు, ఇసుకలోనే నీరు: లోస్ ఓసోస్ మురుగు లెక్క

సెప్టిక్ ట్యాంకు నిండి పొంగినప్పుడు తప్ప ఎవరికీ గుర్తు రాదు. లారీ వచ్చి లాగేసి వెళ్తే మళ్లీ కొన్నేళ్లు దాని ఊసే ఉండదు. కానీ ఆ లారీ తీసుకెళ్లేది అడుగున పేరుకున్న బురదనే. ఆ కొన్నేళ్లూ ట్యాంకులోంచి రోజూ బయటికి పోయిన నీళ్లు ఎక్కడికి పోయాయన్నది అసలు ప్రశ్న. ఊరు గట్టి నేల మీద ఉండి, తాగునీరు ఎక్కడో నదిలోంచి వస్తుంటే ఈ ప్రశ్నను పక్కన పెట్టేయొచ్చు. ఊరు సముద్రపు ఒడ్డున ఇసుక మీద ఉండి, తాగే నీళ్లు కూడా ఆ ఇసుక కింద నుంచే తోడుకుంటుంటే మాత్రం ఏదో ఒక రోజు జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది.

అమెరికాలో కాలిఫోర్నియా తీరాన, శాన్‌ఫ్రాన్సిస్కోకూ లాస్ ఏంజెల్స్‌కూ దాదాపు మధ్యలో, మోరో బే అనే ఉప్పుటేరు లాంటి అఖాతం పక్కన లోస్ ఓసోస్ అనే ఊరుంది. స్పానిష్‌లో ఆ మాటకు ఎలుగుబంట్లు అని అర్థం. జనాభా 14 వేల చిల్లర. సొంత మునిసిపాలిటీ లేదు, శాన్ లూయిస్ ఒబిస్పో కౌంటీ (మన జిల్లా లాంటిది) కిందకు వస్తుంది. ఒకప్పుడు ఊరికి ఇంటింటా సెప్టిక్ ట్యాంకే ఆధారం. ఇక ఇది కుదరదని ప్రాంతీయ నీటి నాణ్యత బోర్డు 1983లో తీర్మానం చేసింది. శుద్ధి ప్లాంటు నడవడం మొదలైంది 2016లో. మధ్యలో 33 ఏళ్లు. కావాల్సిన పరిజ్ఞానం 1950ల నుంచే ఉంది. డబ్బున్న దేశం, చదువుకున్న జనం. అయినా ఒక చిన్న ఊరి మురుగు సమస్య ఒక తరం కాలాన్ని ఎందుకు మింగిందో చూడాలంటే ముందు ఇసుకలో ఏం జరుగుతుందో చూడాలి.

సెప్టిక్ ట్యాంకు చేసే పని చాలా తక్కువ. బరువైనవి అడుగుకు దిగుతాయి, నూనె జిడ్డు పైకి తేలుతుంది, మధ్యలో ఉన్న నీరు బయటికి పోతుంది. గాలి అందని ఆ చీకట్లో సూక్ష్మజీవులు కొంత మలినాన్ని తిని పెడతాయి. మూత్రంలోని నత్రజనిలో ఎక్కువ భాగం అమ్మోనియాగా మారి, నీళ్లతోపాటే దాటిపోతుంది. ఆ నీరు ఇంకుడు గుంతలోకో, చిల్లుల పైపుల ద్వారా పెరటి నేలలోకో దిగుతుంది. అసలు శుద్ధి జరగాల్సింది అక్కడే, మట్టిలో. మట్టి రేణువులు క్రిములను వడకడతాయి, నేలలోని బ్యాక్టీరియా మిగిలిన మలినాన్ని హరిస్తుంది.

ఇసుక ఇందులో సగం పని చాలా బాగా చేస్తుంది. రేణువుల మధ్య గాలి ఆడుతుంది కాబట్టి అమ్మోనియా చకచకా నైట్రేట్‌గా మారిపోతుంది. చిక్కు అక్కడే మొదలవుతుంది. నైట్రేట్‌ను మట్టి పట్టి ఉంచలేదు, నీరు ఎటు పోతే అదీ అటే పోతుంది. దాన్ని మళ్లీ నత్రజని వాయువుగా మార్చి గాలిలోకి వదిలే బ్యాక్టీరియా వేరే ఉంది. దానికి గాలి లేని చోటూ, తినడానికి కుళ్లిన ఆకూ అలమూ లాంటి కర్బన పదార్థమూ కావాలి. కడిగినట్టుండే దిబ్బ ఇసుకలో ఆ రెండూ దొరకవు. ఒండ్రు మట్టి అయితే కథ కొంత మారుతుంది. ఇసుకలో మాత్రం పెరట్లో తయారైన నైట్రేట్ దాదాపు యథాతథంగా భూగర్భ జలంలో చేరుతుంది.

తాగునీటిలో నైట్రేట్‌కు అమెరికా పెట్టిన హద్దు, నత్రజని లెక్కన చెబితే లీటరుకు 10 మిల్లీగ్రాములు. నైట్రేట్ లెక్కన చెబితే 45 మిల్లీగ్రాములు. మన దేశంలో భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) తాగునీటి ప్రమాణం కూడా ఈ 45నే చెబుతుంది. హద్దు పెట్టింది ముఖ్యంగా పాలడబ్బా మీద పెరిగే పసిబిడ్డల కోసం. నైట్రేట్ ఎక్కువున్న నీళ్లతో పాలు కలిపి పడితే బిడ్డ రక్తం ఆక్సిజన్‌ను మోసే శక్తి కోల్పోయి ఒళ్లు నీలంగా మారుతుంది. మరిగిస్తే నైట్రేట్ పోదు. నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది.

ఒక్క ఇంటికి ఎంత నేల కావాలి?

ఇక్కడ ఓ చిన్న లెక్క వేసుకోవడం మంచిది. ఊరంతా తగువులాడుకున్న విషయానికి మూలం ఇందులోనే ఉంది.

ఒక మనిషి ఒంట్లోంచి ఏడాదికి సుమారు 4 కిలోల నత్రజని బయటికి వస్తుంది. ముగ్గురున్న ఇంటికి 12 కిలోలు. ట్యాంకు బురదలో కొంత ఆగిపోతుంది కాబట్టి 10 కిలోలు ఇసుకలోకి దిగుతాయనుకుందాం. లీటరుకు 10 మిల్లీగ్రాములు దాటకుండా ఉండాలంటే ఈ 10 కిలోలు 10 లక్షల లీటర్ల నీటిలో కలవాలి. ఇంటి వాడకం నీరే మనిషికి రోజుకు 200 లీటర్ల చొప్పున ఏడాదికి 2 లక్షల పైచిలుకు లీటర్లు ఉంటుంది. మిగతా 8 లక్షల లీటర్లను వాన ఇవ్వాలి. లోస్ ఓసోస్‌లో ఏడాది వాన 450 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. అందులో మూడో వంతు భూమిలోకి ఇంకిందనుకున్నా, ఆ 8 లక్షల లీటర్లు ఇంకడానికి 5 వేల చదరపు మీటర్లకు పైగా నేల కావాలి. అంటే ఇంటికి ఎకరం పావు.

ఇది పక్కా లెక్క కాదు, పంచాంగం లాంటి అంచనా. అయినా ఎంత దూరంలో ఉన్నామో చెప్పడానికి సరిపోతుంది. లోస్ ఓసోస్‌లో పాత భాగాన్ని 19వ శతాబ్దం చివర్లో 25 అడుగుల వెడల్పు, 125 అడుగుల పొడవున్న ముక్కలుగా కోసి అమ్మారు. చాలా ఇళ్లు అలాంటి రెండు ముక్కలు కలుపుకొని కట్టినవి. అంటే 14 సెంట్ల చిల్లర. ఎకరం పావు కావాల్సిన చోట 14 సెంట్లు! ట్యాంకులు సరిగ్గా కట్టలేదనో, జనం శుభ్రం చేయించుకోలేదనో నింద వేయడానికి లేదు. ప్రతి ట్యాంకూ నిబంధనల ప్రకారం చక్కగా పనిచేసినా నీరు చెడేది. తప్పు ఏ ఒక్క ఇంటిదీ కాదు, ఇళ్ల సంఖ్యది. ఇది జనానికి మింగుడుపడటం చాలా కష్టమైన సంగతి. ‘మా ట్యాంకు బాగానే ఉంది’ అని అన్నవాళ్లు అబద్ధం చెప్పలేదు.

మన తీరంలో వాన ఇంతకు రెట్టింపు కురుస్తుంది, తినే తిండిలో మాంసకృత్తులు తక్కువ కాబట్టి మనిషికి నత్రజని కూడా కాస్త తగ్గుతుంది. అందుకని ఎకరం పావు అక్కర్లేకపోవచ్చు. కానీ ఆంధ్రప్రదేశ్‌లో 2020 చివర్లో మొదలైన ఇళ్ల పట్టాల పంపిణీలో గ్రామాల్లో ఇచ్చింది కుటుంబానికి సెంటున్నర, పట్టణాల్లో సెంటు. బాపట్ల, చీరాల వైపు ఇసుక నేలల్లో అలాంటి కాలనీలో ఇంటింటా వరలు దించి మరుగుదొడ్డి కట్టి, పక్కనే బోరు వేస్తే, పై లెక్కలో ఏ అంకె ఎంత మార్చినా జవాబు పెద్దగా మారదు. గోదావరి, కృష్ణా డెల్టాల బంకమట్టిలో నైట్రేట్ కంటే వేరే బెడద ముందొస్తుంది. అక్కడ నీరు ఇంకదు, వానాకాలంలో గుంతే పైకి తన్నుకొస్తుంది.

పైన నైట్రేట్, కింద ఉప్పు

లోస్ ఓసోస్ కింద నీరు ఒకే పొరలో లేదు. పైన ఒక పొర, బంకమట్టి అడ్డం కింద మరో లోతైన పొర ఉన్నాయి. పై పొరలో నైట్రేట్ పెరిగే కొద్దీ నీటి సరఫరా చేసేవాళ్లు లోతు బోర్ల వైపు మళ్లారు. ఎవరైనా అదే చేస్తారు. కానీ సముద్రం పక్కనున్న భూమిలో మంచినీరు ఉప్పునీటి మీద తేలుతున్నట్టు ఉంటుంది, మంచినీరు కాస్త తేలిక కాబట్టి. సముద్ర మట్టానికి పైన ఒక అడుగు మంచినీరు నిలిచి ఉంటే, కింద దాదాపు 40 అడుగుల మేర ఉప్పునీటిని ఆపగలదని పాత సూత్రం. అదే సూత్రం తిరగేస్తే, పైన ఒక అడుగు తోడేస్తే కింద నుంచి ఉప్పు 40 అడుగులు పైకి రావడానికి దారి ఇచ్చినట్టు. వాస్తవంలో బంకమట్టి పొరలు అడ్డుపడి ఇంత సూటిగా జరగదు గానీ, దిశ మాత్రం ఇదే. లోతు పొరను అతిగా తోడటంతో సముద్రపు నీరు లోపలికి జరగడం మొదలైంది.

అంటే పై పొరను మురుగు చెడగొట్టింది, ఆ చెడు నుంచి తప్పించుకోబోయి కింది పొరను ఉప్పు పాలు చేసుకున్నారు. ఒకదానికి ఒకటి తోడు. మురుగును వేరుగా, తాగునీటిని వేరుగా చూసే అలవాటు ఈ ఊరికి చేసినంత చేటు ఏ సెప్టిక్ ట్యాంకూ చేయలేదనిపిస్తుంది.

ఇంకో మెలిక ఉంది. ఇంటింటా సెప్టిక్ ట్యాంకులు ఉన్నంత కాలం, వాడిన నీరు చెడ్డదైనా తిరిగి అదే ఇసుకలోకి దిగేది. పై పొర నిండుగా ఉండేది, ఆ బరువు సముద్రాన్ని కొంత నెట్టి ఉంచేది. ఇప్పుడు ట్యాంకులన్నీ మూసి, మురుగునంతా పైపుల్లో పోగుచేసి, శుద్ధి చేసి, తీరప్రాంతపు ఊళ్లు చాలా వాటిలా సముద్రంలోకి వదిలేస్తే? నైట్రేట్ బాధ తగ్గుతుంది, ఉప్పు బాధ పెరుగుతుంది. లోస్ ఓసోస్‌కు వేరే నది లేదు, కాలువ లేదు. వాడిన నీటిని పారేసుకునే స్థోమత లేని ఊరది. అందుకని శుద్ధి చేసిన నీటిని మళ్లీ భూమిలోకే దించాలి. ఎక్కడ దించాలి, ఎంత శుభ్రం చేసి దించాలి అన్న రెండు ప్రశ్నలే ప్లాంటు రూపాన్ని నిర్ణయించాయి.

శుభ్రం చేసే పద్ధతుల్లో చిన్న ఊళ్లకు బాగా అచ్చొచ్చినది ఆక్సిడేషన్ డిచ్. 1954లో నెదర్లాండ్స్‌లోని ఫోర్‌స్కోటెన్ అనే చోట దీన్ని మొదట కట్టారు. గుర్రపు పందేల బాటలా గుండ్రటి మూలలున్న కోలటి కాలువ, అందులో మురుగు గానుగెద్దులా తిరుగుతూనే ఉంటుంది. ఒక చోట చక్రాలు నీటిని చిమ్మి గాలి పట్టిస్తాయి, అక్కడ అమ్మోనియా నైట్రేట్‌గా మారుతుంది. చక్రం దాటి ముందుకు పోయేకొద్దీ ఆక్సిజన్ అయిపోతుంది. అక్కడ నైట్రేట్‌ను తినే బ్యాక్టీరియా పనిలోకి దిగి, దాన్ని మామూలు గాలిలోని నత్రజనిగా మార్చి వదిలేస్తుంది. ఇసుక చేయలేకపోయిన రెండో సగం పని ఇదే. తినడానికి కావాల్సిన కర్బనం మురుగులోనే ఉంటుంది. నీరు గంటల కొద్దీ, ఒక్కోసారి రోజు పైన తిరుగుతుంది కాబట్టి, పండగకు చుట్టాలు దిగి మురుగు ఒక్కసారిగా పెరిగినా ప్లాంటు తట్టుకుంటుంది. బదులుగా స్థలం ఎక్కువ పడుతుంది, కరెంటు బిల్లు గట్టిగానే వస్తుంది. లోస్ ఓసోస్ కోసం కౌంటీ పోల్చి చూసిన పద్ధతుల్లో ఇదీ ఒకటి. చివరికి కట్టిన ప్లాంటులో నత్రజని తీసేశాక నీటిని మరోసారి వడకట్టి, అతినీలలోహిత కాంతితో క్రిములను చంపుతారు.

అయితే ఊరు కొట్టుకున్నది ఈ పద్ధతుల మీద కాదు. స్థలం మీద, డబ్బు మీద, నమ్మకం మీద.

1983 తీర్మానం ప్రకారం 1988 నవంబరు 1 నుంచి ఊళ్లో బోర్డు గుర్తించిన నిషేధ ప్రాంతంలో సెప్టిక్ ట్యాంకుల నుంచి నీరు వదలకూడదు. ఉన్న ఇళ్లను ఖాళీ చేయించలేరు కాబట్టి అవి అలాగే నడిచాయి, కొత్త ఇళ్లు మాత్రం ఆగిపోయాయి. ఖాళీ ప్లాటు కొనుక్కున్నవాళ్లు అలాగే ముసలివాళ్లయ్యారు. కౌంటీ వేసిన ప్రణాళిక ఖర్చు చూసి జనం బెదిరిపోయారు. 1998లో ఊరివాళ్లు ఓటేసి తమకంటూ ఒక సేవా జిల్లాను, అంటే ఊరి సేవలను చూసుకునే స్థానిక సంస్థను, ఏర్పాటు చేసుకున్నారు. చెరువుల్లో నిలబెట్టి శుద్ధి చేసే చవక పద్ధతి తెస్తామన్నది అప్పటి ఆశ. నీటి బోర్డు దాన్ని ఒప్పుకోలేదు. కొత్త సంస్థ కూడా చివరికి మామూలు ప్లాంటు దగ్గరికే వచ్చింది, అదీ ఊరి నడిబొడ్డున ట్రై-డబ్ల్యూ అని పిలిచే ఖాళీ స్థలంలో. ప్లాంటును భూమిలోకి దించి పైన పార్కు, పిల్లల ఆటస్థలం, ఆరుబయట వేదిక పెడతామన్నారు. మురుగు ప్లాంటును పార్కు చాటున దాచవచ్చని ఎవరికి తోచిందో గానీ, ఊళ్లో సగం మందికి అది పుండు మీద కారంలా తగిలింది.

2005లో తవ్వకాలు మొదలయ్యాయి. సెప్టెంబరు 27న రీకాల్ ఎన్నిక, అంటే పదవిలో ఉన్నవాళ్లను మధ్యలోనే దించే ఓటింగ్, జరిగింది. సేవా జిల్లా అయిదుగురు డైరెక్టర్లలో ముగ్గురిని స్వల్ప తేడాతో ఇంటికి పంపారు. కొత్త బోర్డు రాగానే పని ఆపేసింది. పని ఆగింది కాబట్టి రాష్ట్రం ఇస్తానన్న 13 కోట్ల డాలర్ల పైచిలుకు చవక వడ్డీ రుణం ఆగిపోయింది. కాంట్రాక్టర్లు కోర్టుకెక్కారు. 2006 మొదట్లో నీటి బోర్డు సేవా జిల్లా మీద 66 లక్షల డాలర్ల జరిమానా వేసింది. అదే ఏడాది ఆగస్టులో సంస్థ దివాలా దాఖలు చేసింది. అంతటితో ఆగక నీటి బోర్డు లాటరీ తీసినట్టు కొన్ని పదుల ఇళ్లను ఎంచి, మీ ట్యాంకు వాడటం ఆపండంటూ యజమానుల పేరున ఉత్తర్వులు పంపింది. తప్పు ఏ ఒక్క ఇంటిదీ కాని చోట, శిక్ష మాత్రం ఇంటి నంబరు చూసి వేశారన్నమాట. ఎవరి కాళ్లూ చేతులూ ఆడని టెన్షన్. చివరికి కాలిఫోర్నియా శాసనసభ 2006లో ప్రత్యేక చట్టం చేసి పనిని మళ్లీ కౌంటీ చేతికిచ్చింది.

పని ఆపినవాళ్లు మూర్ఖులని తేల్చేయడం తేలిక. కానీ వాళ్లడిగిన ప్రశ్నల్లో పస ఉంది. నడిబొడ్డునే ఎందుకు? ఊరి బయట పొలాల దగ్గర ఎందుకు కాదు? తర్వాత కౌంటీ మళ్లీ మొదటి నుంచి అన్ని స్థలాలూ పోల్చి చూసి ఊరి బయటనే ఎంచుకుంది. అక్కడైతే చవక, దుర్వాసన గొడవ ఉండదు, శుద్ధి చేసిన నీరు పొలాలకు దగ్గర. అంటే ప్లాంటు చోటు విషయంలో వ్యతిరేకులు చెప్పింది నిలబడింది. వాళ్ల లెక్క తప్పింది కాలం దగ్గర. నిర్మాణ ఖర్చులు ఎవరి కోసమూ ఆగవు, చవక రుణాలు ఎల్లకాలం ఎదురుచూడవు. తవ్వకం మొదలయ్యాక అడిగిన మంచి ప్రశ్నకు, ముందే అడిగిన మంచి ప్రశ్నకంటే ఎన్నో రెట్ల ధర పడుతుంది. ముందే అడిగే వీలు జనానికి నిజంగా కల్పించారా అన్నది మరో ప్రశ్న.

2007లో కౌంటీ ఇళ్ల యజమానుల మధ్య ఓటింగ్ పెట్టింది. ఒక్కో ఇంటికి దాదాపు 25 వేల డాలర్ల భారం ఒప్పుకుంటారా అని. 80 శాతం వరకు ఒప్పుకున్నారు. దివాలా, జరిమానాలు చూశాక అలసిపోయిన ఊరి ఓటు అది. ఆ తర్వాత కూడా పైపుల మీద పెద్ద చర్చే నడిచింది. ఇంటి దగ్గర ట్యాంకు ఉంచి, అందులోని తేట నీటిని మాత్రం చిన్న మోటారుతో సన్న పైపుల్లోకి తోడే పద్ధతి ఒకటి. పైపు లోతుగా పోనక్కర్లేదు, ఇసుక కూలే భయం తక్కువ. కానీ ఇంటింటికో మోటారు, కొత్త ట్యాంకు, కరెంటు పోతే ఇబ్బంది. రెండోది వాలుతో పారే మామూలు డ్రైనేజీ. కందకాలు లోతుగా తవ్వాలి, నీటి మట్టం పైనున్న చోట నీరు తోడుతూ పైపు వేయాలి. కౌంటీ రెండోదాన్నే ఎంచుకుంది. ఇసుకలో లోతుగా తవ్వడమంటే అక్కడ ఇంకో సంగతి కూడా. ఆ తీరం వేల ఏళ్లుగా చూమాష్ ఆదివాసులు నివసించిన నేల, ఎక్కడ తవ్వితే ఏం బయటపడుతుందో తెలియదు. పైగా ఆ దిబ్బల్లో మోరో షోల్డర్‌బ్యాండ్ అనే ఒక నత్త ఉంది. ప్రపంచంలో ఆ చుట్టుపక్కల తప్ప ఎక్కడా దొరకదు. 1994లో దాన్ని అమెరికా కేంద్ర ప్రభుత్వం అంతరించే ప్రమాదమున్న జీవుల జాబితాలో చేర్చింది.

తీరంలో నిర్మాణాలకు అనుమతులిచ్చే కాలిఫోర్నియా తీరప్రాంత కమిషన్ 2010లో అనుమతి ఇచ్చింది, 2012లో పనులు మొదలయ్యాయి, 2016లో ఇళ్లు ఒక్కొక్కటే పైపులకు కలిశాయి. ఖర్చు 17 కోట్ల డాలర్లు దాటింది. ఇంటికి నెలకు వంద డాలర్లకు మించిన భారం పడింది. పింఛను మీద బతికే ముసలివాళ్లు ఎక్కువగా ఉన్న ఊరికి అది చిన్న మొత్తం కాదు. ఇలాంటి చోట తలసరి ఖర్చు ఎప్పుడూ పెద్ద నగరం కంటే ఎక్కువే ఉంటుంది. ప్లాంటును నడపడానికి కావాల్సిన మనుషులూ, పరీక్షలూ, పంపులూ జనాభా సగమైనంత మాత్రాన సగం కావు.

ప్లాంటు పేరులోనే ఇప్పుడు మురుగు అన్న మాట లేదు. నీటి పునర్వినియోగ కేంద్రం అంటారు. శుద్ధి అయిన నీటిలో కొంత ఊరికి ఎగువనున్న బ్రోడర్‌సన్ అనే చోట నేల కింద పరిచిన చిల్లుల పైపుల ద్వారా ఇసుకలోకి దించుతారు. అది మెల్లగా ఊరి కిందికి జారి, నీటి పొరను నింపుతూ సముద్రానికి ఎదురొడ్డుతుంది. సెప్టిక్ ట్యాంకులు 5 వేల చోట్ల తెలియకుండా చేస్తున్న పనిని, నత్రజని తీసేసి, ఒక్క చోట, తెలిసి చేస్తున్నారన్నమాట. మూసేసిన పాత ట్యాంకులను వాననీటి తొట్లుగా మార్చుకునే వీలు కూడా ఇచ్చారు.

ఇసుకలో ఇప్పటికే దిగిన నైట్రేట్ మాత్రం ట్యాంకు మూసిన రోజున మాయం కాదు. దశాబ్దాల పాటు దిగినది, కొత్త నీరు వచ్చి పలచన చేసే దాకా అక్కడే ఉంటుంది. 1988లో ఆగిపోయిన కొత్త ఇళ్ల అనుమతులు కూడా ప్లాంటు తిరగగానే తెరుచుకోలేదు. ఖాళీ ప్లాటు పట్టుకొని కూర్చున్నవాళ్లకు ఈసారి వచ్చిన జవాబు వేరు. మురుగుకు దారి దొరికింది, మరి మీకు ఇవ్వడానికి కింద నీళ్లున్నాయో లేదో ముందు తేలాలన్నారు.